చిన్నపిల్లలతో విజయవాడలో ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ నిరాశ తప్పదు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం ఈ పేజీ రాశాను. ఎండాకాలం సెలవుల్లోనూ దసరా, సంక్రాంతి సెలవుల్లోనూ మా వీధిలో, బడి గేటు దగ్గర తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. పెద్ద పిల్లలకు ఈ జవాబులు అంతగా సరిపోవు.

అంత డబ్బు పెట్టి తీసుకెళ్తే మావాడు పది నిమిషాలకే ఇంటికి పోదామన్నాడు. వాడిలోనే ఏమైనా తేడా ఉందా?

ఏ తేడా లేదు. మూడేళ్ల పిల్లాడికి 'చూడదగ్గ ప్రదేశం' అన్న ఆలోచనే ఉండదు. వాడికి తాకాలి, ఎక్కాలి, దూకాలి, నీళ్లలో చెయ్యి పెట్టాలి, ఒకే జారుడుబల్ల మీద విసుగొచ్చేదాకా జారాలి. మన ఊళ్లో టికెట్ పెట్టి పిలిచే చోట్లు చాలావరకు పెద్దవాళ్లు ఫోటో దిగడానికి వీలుగా కట్టినవి. అక్కడ పిల్లాడికి వినపడేవి 'ముట్టుకోకు', 'ఇటు చూడు', 'ఒకసారి నవ్వు' అన్న మాటలే. దానికి తోడు ఎండ, క్యూ, ఆకలి, నిద్ర టైము దాటిపోవడం. అన్నీ కలిస్తే ఏడుపు రాక ఏమవుతుంది?

అందుకే ఎక్కడికైనా బయల్దేరే ముందు నేను చూసేవి నాలుగే. నీడ ఉందా? శుభ్రమైన బాత్రూమ్ ఉందా? లోపలికి వెళ్లడానికి ఎంతసేపు నిలబడాలి? వెళ్లాక పిల్లాడు తన చేతులతో, కాళ్లతో చేసే పని ఏమైనా ఉందా? ఈ నాలుగో దానికి జవాబు 'లేదు' అయితే ఎంత పేరున్న చోటైనా చిన్నపిల్లలతో వెళ్లడం దండగ. కింద చెప్పిందంతా దాదాపు ఈ లెక్కలోనే ఉంటుంది.

మాల్‌లో గేమ్ జోన్ ఎలా ఉంటుంది? ఏసీ ఉంటుంది కదా, ఎండాకాలం అదే నయం కాదా?

ఏసీ మాట నిజమే. మేలో విజయవాడ ఎండ తెలిసినవాళ్లెవరూ దాన్ని కాదనలేరు. అయితే డబ్బు ఎలా ఖర్చవుతుందో ముందే తెలుసుకుని వెళ్లండి. చాలా చోట్ల ఆటకు నేరుగా డబ్బు తీసుకోరు. ముందు కార్డు కొనాలి, అందులో ఇంత తక్కువ కాకుండా రీఛార్జ్ చేయించాలి. కార్డులో డబ్బు పాయింట్లుగా కనిపిస్తుంది కాబట్టి ఒక్కో ఆటకు ఎంత పోతోందో మనకు తెలియదు. బుల్లి కారు, గుర్రం బొమ్మ లాంటివి రెండు నిమిషాలు కూడా ఊగవు. పిల్లాడు ఎక్కి కుదురుకునేలోపే ఆగిపోతాయి. వాడు దిగనంటాడు. మళ్లీ కార్డు గీకాలి.

పెద్ద మెషిన్లు మన పిల్లలకు అందవు. ట్రాంపోలిన్‌కు ఎత్తు నిబంధన ఉంటుంది, సాక్స్ అక్కడే కొనమంటారు. బొమ్మను ఇనుప కొక్కేలతో పట్టి పైకి లాగే మెషిన్ దగ్గరకైతే అసలు తీసుకెళ్లకండి. అందులో పడ్డ డబ్బుకు బయట అలాంటి బొమ్మలు రెండు వస్తాయి, పైగా రాలేదన్న ఏడుపు ఒకటి.

మాల్‌కే వెళ్లాలనుకుంటే ప్లాస్టిక్ బంతుల గుంట, మెత్తటి జారుడుబల్లలు ఉండి గంటకు ఇంత అని తీసుకునే ప్లే ఏరియా వెతకండి. గంటసేపు పిల్లాడు తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతాడు, ఎవరూ ఆపరు. వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్తే ఖాళీగా ఉంటుంది. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. పదేళ్ల పిల్లలు పైనుంచి దూకుతుంటే కింద రెండేళ్ల పాప ఉంటుంది, చూసేవాళ్ల గుండె దడదడలాడుతుంది.

వేసవి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లమని ఒకటే గోల. వెళ్లొచ్చా?

ఎగ్జిబిషన్ అంటే నాకూ ఇష్టం. ఆ లైట్లు, ఢిల్లీ అప్పడం, పీచు మిఠాయి, మైకు గోల లేకుండా ఎండాకాలం సెలవులేమిటి? కానీ నాలుగేళ్ల పిల్లాడికి అది చాలా కష్టమైన చోటు. దుమ్ము ఎక్కువ, చప్పుడు ఎక్కువ, ఎటు చూసినా పెద్దవాళ్ల కాళ్లే. జెయింట్ వీల్, కొలంబస్ లాంటివి వాళ్లను ఎక్కించేవి కావు. ఎక్కిస్తామని ఆపరేటర్ అన్నా మీరు ఒప్పుకోకండి.

నిరాశ అంతా ప్రత్యేక టికెట్ పెట్టే డేరాల దగ్గర వస్తుంది. బయట బోర్డు మీద రాక్షస బల్లి నోరు తెరుచుకుని ఉంటుంది. లోపల మెడ మాత్రమే అటూ ఇటూ ఆడే బొమ్మలు చీకట్లో నిలబడి ఉంటాయి. చిన్నపిల్లలు వాటిని చూసి భయపడతారు, లేకపోతే 'ఇది కదలట్లేదేంటి?' అని అడుగుతారు. జలకన్య షోలూ, మంచు గదులూ అంతే. గేటు టికెట్ వేరు, ప్రతి డేరాకూ వేరు అన్న సంగతి లోపలికి వెళ్లాక గాని తెలియదు. నలుగురున్న కుటుంబానికి లెక్క వేసుకుంటే కళ్లు తిరుగుతాయి.

వెళ్తే ఇలా వెళ్లండి. గేట్లు తెరిచిన వెంటనే, జనం రాకముందే వెళ్లిపోండి. చిన్న రైలు, రంగులరాట్నం, ఒక బుడగ, ఒక అప్పడం. చీకటి పడి జనం పెరిగేసరికి బయటికి వచ్చేయండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ తప్పకుండా పెట్టండి. ఇంకో మాట: ఏ రైడ్ అయినా ఎక్కించే ముందు ఒక రౌండు ఖాళీగా నిలబడి చూడండి. బోల్టులు, గొలుసు, తలుపు గడియ సరిగా ఉన్నాయా, ఆపరేటర్ ఫోన్ చూసుకుంటున్నాడా అన్నది ఆ ఒక్క రౌండులో తెలిసిపోతుంది. అనుమానం వస్తే పిల్లాడు ఎంత ఏడ్చినా ఎక్కించొద్దు.

భవానీ ద్వీపం పిల్లలకు నచ్చుతుందా?

పడవ నచ్చుతుంది. ద్వీపం మీరు వెళ్లిన రోజును బట్టి ఉంటుంది.

ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ మధ్యలో సుమారు 130 ఎకరాల దీవి ఇది. ఫోటోల్లో చాలా బాగుంటుంది. దిగాక నడక ఎక్కువ. చెట్లున్న చోట హాయిగా ఉంటుంది, లేనిచోట కాళ్లు కాలతాయి. ఆట సామాను ఎప్పుడు బాగుంటుందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఈ దీవి వరద దారిలో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినప్పుడు దీవి మునిగింది. అలాంటి వరద తర్వాత బురద తీసి, వస్తువులు బాగుచేసి మళ్లీ తెరవడానికి టైము పడుతుంది. కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా పడవలు నడుస్తున్నాయో లేదో కనుక్కోకుండా పిల్లల్ని రెడీ చేయకండి. బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని ఘాటు దాకా వచ్చాక 'ఈరోజు బోట్లు లేవు' అంటే వాళ్ల ముఖం చూడలేం.

శీతాకాలం ఉదయం, చాప, నీళ్లు, పులిహోర తీసుకుని వెళ్తే మాత్రం ఇది ఊళ్లోకెల్లా మంచి పిక్నిక్ చోటు. రైడ్ల కోసం వెళ్లకండి. పడవ కోసం, చెట్ల కింద పరిగెత్తడానికి వెళ్లండి.

పడవ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని ప్రైవేటు పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. టికెట్ కౌంటరు లేని పడవ ఎక్కకండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడగండి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లకు తొడిగితే నీళ్లలో మెడ దగ్గరి నుంచి జారిపోతుంది, అది ఉన్నా లేనట్టే. సరిపోయేది లేదంటే వెనక్కి వచ్చేయండి.

రాజీవ్ గాంధీ పార్కు, గాంధీ కొండ సంగతేంటి?

మన చిన్నప్పుడు ఈ రెండే కదా విజయవాడలో పిల్లల చోట్లు. ఆ జ్ఞాపకాలతోనే చాలామంది పిల్లల్ని తీసుకొస్తారు, సమస్య అక్కడే మొదలవుతుంది.

గాంధీ కొండ మీది స్తూపం 52 అడుగులది. 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. పైనుంచి రైల్వే స్టేషను, ఊరు, నది అన్నీ కనిపిస్తాయి. పిల్లలకు మాత్రం కొండ అంటే చిట్టి రైలే. అది ఆగిపోవడం, మళ్లీ నడవడం ఎన్నోసార్లు చూశాం. ప్లానిటేరియం షో కూడా అంతే, ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. రైలు పేరు చెప్పి బయల్దేరదీయకండి. 'కొండ ఎక్కుదాం, పైనుంచి రైళ్లు చూద్దాం' అని చెప్పండి. జంక్షన్‌లో వచ్చే పోయే రైళ్లు ఎప్పుడూ ఆగవు కాబట్టి ఆ మాట తప్పదు.

రాజీవ్ గాంధీ పార్కులో పెద్ద చెట్లున్నాయి, అదే దాని ఆస్తి. కార్పొరేషన్ పార్కులన్నింటిలోనూ నాకు కనిపించే బాధ ఒకటే: కొత్తగా రంగులు వేస్తారు, గేటు దగ్గర విగ్రహం పెడతారు, ఊయల గొలుసు తెగితే మాత్రం నెలల తరబడి అలాగే వేలాడుతుంది. ఇనుప జారుడుబల్ల మీద నీడ ఉండదు, మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పిల్లల్ని కూర్చోబెట్టే ముందు మీ అరచెయ్యి ఆనించి చూడండి.

ఉండవల్లి గుహలు చిన్నపిల్లలకు బోరు కదా?

అందరూ అలాగే అనుకుంటారు. నాకు మాత్రం డబ్బు పెట్టే చాలా చోట్లకన్నా ఇది మేలనిపిస్తుంది. కొండను తొలిచి అంతస్తులు అంతస్తులుగా చేసిన గుహలు, ముందు పచ్చిక. లోపల అనంతపద్మనాభస్వామి ఏకశిలా విగ్రహం అయిదు మీటర్లకు పైగా పొడవుంటుంది. 'స్వామి బజ్జున్నాడు, గట్టిగా మాట్లాడకు' అంటే పిల్లలు నిజంగానే గుసగుసలాడతారు. పై అంతస్తులో కూర్చున్న ఋషుల విగ్రహాలను లెక్కపెట్టడం ఇంకో ఆట. పురావస్తు శాఖ కట్టడం కాబట్టి 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు.

ఇబ్బందులు లేకపోలేదు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పై అంతస్తుల అంచుల్లో చెయ్యి వదలకూడదు. కోతులున్నాయి, బిస్కెట్ ప్యాకెట్ బయటికి తీస్తే పోయినట్టే. ఉదయం తొమ్మిదిన్నర దాటాక రాయి వేడెక్కుతుంది. తొందరగా వెళ్లి తొందరగా రండి.

బాపు మ్యూజియం? అంబేడ్కర్ స్మృతివనం?

రెండూ మంచి చోట్లే, ఈ వయసుకు కాదు. మ్యూజియంలో వస్తువులు అద్దాల వెనక ఉంటాయి. జాతీయ జెండాకు, పింగళి వెంకయ్యకు, 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు ఉన్న సంబంధం తెలిసే వయసు వచ్చాక తీసుకెళ్తే పిల్లలకు గుర్తుంటుంది. స్వరాజ్ మైదానంలో పీఠంతో కలిపి 206 అడుగులున్న అంబేడ్కర్ విగ్రహాన్ని ఏ వయసు వాళ్లయినా తలెత్తి చూస్తారు. కానీ గచ్చు పరిచిన ఆవరణ ఎండకు మండుతుంది, పొద్దు వాలాకే వెళ్లండి.

డబ్బు ఖర్చు లేకుండా పిల్లలు నిజంగా ఆనందించేది ఏదైనా ఉందా?

వర్షాకాలంలో ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లు, 1223 మీటర్ల పొడవు. 1952లో పాత ఆనకట్ట కొట్టుకుపోయాక కట్టి, 1957లో పూర్తి చేశారు. గేట్లు ఎత్తిన రోజు ఆ నీళ్ల హోరు విని పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. ఏ థీమ్ పార్కూ దానికి సాటి రాదు. ఎత్తుకునే ఉండండి, దించకండి, రెయిలింగ్ ఎక్కించి ఫోటోలు తీయకండి. ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వార్తల్లో వినగానే ఘాట్ల వైపు పిల్లలతో వెళ్లడం పూర్తిగా మానేయాలి.

ఇక కొద్దిపాటి ఖర్చుకు ఒప్పుకుంటే, ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకుని స్టేషన్‌లో అరగంట కూర్చోవడం. ఇంజను, గూడ్సు బండి, టీ అమ్మే అతను, అనౌన్స్‌మెంట్లు. మూడేళ్ల పిల్లలకు దీనికన్నా పెద్ద షో లేదు. జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవం కూడా మరవకండి. బొమ్మల పుస్తకాల స్టాలు ముందు పిల్లలు కింద కూర్చుని పేజీలు తిప్పుతుంటే అడ్డు చెప్పేవాళ్లు తక్కువ.

కొండపల్లి వెళ్తే ఖిల్లా చూపించాలా, బొమ్మలు చూపించాలా?

బొమ్మలు. ఖిల్లాకు తొందరేం లేదు, పిల్లలు తామే మెట్లు ఎక్కే వయసులో మళ్లీ వెళ్లొచ్చు. ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లున్న కొండపల్లిలో బొమ్మల కాలనీకి నేరుగా వెళ్లండి. ఇళ్ల ముందే పని జరుగుతుంటుంది. దుకాణంలో వరుసగా పెట్టిన బొమ్మల్ని చూడటం వేరు, చెక్కముక్క ఏనుగవుతుంటే చూడటం వేరు.

తెల్ల పొణికి చెక్క చాలా తేలిక. పిల్లాడి చేతికి ఒక ముక్క ఇవ్వమని అడిగితే సాధారణంగా కాదనరు, పట్టుకుని 'బరువే లేదు' అని ఆశ్చర్యపోతాడు. చెక్కను ఆరబెట్టి, సన్నని మంట మీద వేడిచేసి తేమ పోగొడతారు. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూసి, చివరికి రంగులు. ఒక మనిషి చేతిలో పుట్టి ఇంకొకరి కుంచె కిందకు చేరే ఆ బొమ్మను పిల్లలు ఎంతసేపైనా చూస్తారు. మధ్యలో 'దీనికి కళ్లెప్పుడు పెడతారు?' అని అడుగుతారు. ఆ ప్రశ్న మాల్‌లో ఎప్పుడూ రాదు.

పని చేసేవాళ్లకు అడ్డం కాకుండా కూర్చోండి, వెళ్లేటప్పుడు ఒక బొమ్మైనా కొనండి. పొణికి చెక్క దొరకడం ఏటికేడు కష్టమవుతోంది, ఆ కుటుంబాలకు మన కొనుగోలే ఆధారం. బేరం మరీ లాగకండి. ఒక జాగ్రత్త: ఎడ్లబండి, దశావతారాలు, అంబారీ ఏనుగు ఇవన్నీ అలంకరణకు చేసినవి. సన్నని భాగాలు విరుగుతాయి, కొన్నింటికి ఎనామిల్ రంగులు వాడతారు. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే అవి కొలువులో పెట్టి, ఆడుకోవడానికి లక్క, సహజ రంగులతో చేసిన ఏటికొప్పాక బొమ్మలు లేపాక్షి షోరూంలో కొనండి.

మేం గుంటూరు వాళ్లం. పిల్లల కోసం విజయవాడ దాకా రావాలా?

ఆదివారం సాయంత్రం వారధి దగ్గర ట్రాఫిక్‌లో పసిపిల్లతో ఇరుక్కోవడంకన్నా ఉప్పలపాడు వెళ్లండి. పెదకాకాని మండలంలోని ఆ ఊరి చెరువులో, చెట్లు విరగబడేలా పక్షులు వాలి ఉంటాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు. శీతాకాలంలో ఉదయం, సాయంత్రం బాగుంటుంది. గూళ్లలో పిల్లలకు తల్లి నోటితో తినిపించడం కంటికి కనిపించేంత దగ్గర. అసలు ఆ ఊరివాళ్లు పక్షుల్ని ఇంటివాళ్లలా చూసుకోబట్టే అవి ఏటేటా వస్తున్నాయి. టపాకాయలు, డ్రోన్లు, గట్టి అరుపులు వద్దు. మే నెలలో వెళ్తే చెరువు, వాసన తప్ప ఎక్కువేమీ ఉండవు, అప్పుడు తిట్టుకుని లాభం లేదు.

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్?

ఇసుక కన్నా పెద్ద ఆటవస్తువు ఇంకోటి లేదు, కాబట్టి తప్పకుండా వెళ్లొచ్చు. అల అంచున ఆగండి, నడుము లోతుకు ఎత్తుకుని తీసుకెళ్లకండి. ఉదయం వెళ్లి ఎండ ముదిరేలోపు బయటపడండి, బట్టలు రెండు జతలు పెట్టుకోండి.

అమ్మవారి దర్శనంతో పాటు పిల్లలకు సరదా అని ప్లాన్ చేస్తున్నాం. కుదురుతుందా?

శుక్రవారాలు, ఆదివారాలు, దసరా రోజుల్లో కుదరదు. ఇంద్రకీలాద్రి మీద క్యూలో రెండు గంటలు నిలబడ్డ పిల్లని తర్వాత పార్కుకు తీసుకెళ్తే అది సరదా కాదు, శిక్ష. దర్శనం ఒక రోజు, ఆట ఇంకో రోజు. గుడే పిల్లలకు ముచ్చటగా ఉండాలంటే మంగళగిరి పానకాల స్వామి దగ్గరకు వెళ్లండి. స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటగుట చప్పుడు విని, సగం మనకే తిరిగి ఇచ్చేశాడంటే పిల్లల కళ్లు మెరుస్తాయి. పైకి ఘాట్ రోడ్డుంది, అమ్మమ్మ, తాతయ్య మెట్లెక్కక్కర్లేదు.

టికెట్ కొన్నాం, బాగోలేదు, పిల్లాడు ఏడుస్తున్నాడు. డబ్బులు వసూలయ్యేదాకా ఉండాలా?

వద్దు. ఆ డబ్బు ఇక రాదు, వాడి సాయంత్రాన్ని కూడా ఎందుకు పోగొట్టడం? బయటికి వచ్చి నీడలో కూర్చోబెట్టి, ఏదైనా తినిపించి, కాసేపు నిద్రపోనివ్వండి. 'నీకోసం ఇంత ఖర్చు పెట్టాం' అన్న మాట మాత్రం అనకండి. ఆ టికెట్ కొనమని వాడు అడగలేదు.

నిజంగా మోసం అనిపిస్తే ఎవరికి చెప్పాలి?

ప్రకటనలో చూపించిన రైడ్లు లోపల లేకపోయినా, మూసేసి ఉన్నా కౌంటర్ దగ్గరే డబ్బు వాపసు అడగండి. బోర్డు, టికెట్ రెండూ ఫోటో తీసుకోండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నీళ్ల బాటిల్ మీద ముద్రించిన ఎమ్మార్పీకన్నా ఎక్కువ తీసుకుంటే అది నేరం, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

తెగిన ఊయల, బయటికి పొడుచుకొచ్చిన మేకు, మూతలేని గుంట లాంటివి పార్కులో కనిపిస్తే ఫోటోతో సహా కార్పొరేషన్‌కు పంపండి. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వారం దాటినా కదలకపోతే మళ్లీ ఇవ్వండి, ఈసారి పక్కింటి వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. మాల్‌లో కార్డు కొనలేని ఇళ్ల పిల్లలకు ఆడుకోవడానికి ఉన్నది ఆ పార్కు ఒక్కటే.